ఈజిప్టులో సూర్యుడి రాత్రులు

డిసెంబరు 16, మతరియా

ధనుర్మాసం మొదలైన రోజు పొద్దున కైరోలో ఉన్నాం. నాతో వచ్చింది మా బాబాయి. శ్రీకాకుళంలో సంస్కృతం మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రోజూ సంధ్య వార్చే మనిషి. రథసప్తమికి అరసవల్లి వెళ్లకపోతే ఆ ఏడు ఆయనకి వెలితే. సూర్యుణ్ణి కొలిచిన పాత జాతులన్నిటిలో ఈజిప్టు వాళ్లంత వివరంగా రాసిపెట్టుకున్నవాళ్లు అరుదు, ఒకసారి చూసొద్దాం అన్నది నేను. టిక్కెట్లు తీసేదాకా ఊరుకోనిది ఆయన.

కైరోలో దిగినవాళ్లంతా ముందు పిరమిడ్ల దగ్గరికి పరిగెడతారు. మేం మెట్రో మొదటి లైను ఎక్కి మతరియా స్టేషన్లో దిగాం. బయటికి రాగానే మన బజాజ్ ఆటోలు, పళ్ల బళ్లు, బట్టలు ఆరేసిన అపార్ట్‌మెంట్లు. వాటి మధ్య ఓ ప్రహరీ, ప్రహరీ లోపల ఎర్ర గ్రానైటు స్తంభం ఒక్కటే. గ్రీకులు హెలియోపోలిస్ అన్న సూర్యనగరంలో నిటారుగా మిగిలింది ఇదే. సెనుస్రెత్ 1 అనే ఫారో క్రీస్తుకు పూర్వం 20వ శతాబ్దంలో నిలబెట్టాడు. ఎత్తు 20 మీటర్ల పైచిలుకు, బరువు 120 టన్నుల దాకా ఉంటుందని అంచనా. ఇలాంటి ఏకశిలా స్తంభాన్నే ఒబెలిస్కు అంటారు. నిలబెట్టిన చోటే ఇంకా నిలబడి ఉన్న ఒబెలిస్కుల్లో దీనికంటే పాతది లేదు.

ఈ ఊరి పాత పేరు యూను. బైబిల్లో 'ఓను' అంటారు. యోసేపు ఈ ఊరి పూజారి కూతుర్నే పెళ్లాడాడని ఆదికాండం చెబుతుంది. సృష్టికి ముందు అంతటా నీళ్లే ఉండేవనీ, ఆ నీళ్లలోంచి ఇక్కడే మొదటి మట్టిదిబ్బ పైకి తేలిందనీ, దాని మీద సూర్యుడు తనంత తాను పుట్టాడనీ ఇక్కడి పూజారుల మాట. ఒబెలిస్కు కొనలో ఉండే చిన్న పిరమిడ్ ఆకారం ఆ దిబ్బకే గుర్తు. రోజులో తొలి కిరణం తగిలేది ఆ కొనకే కాబట్టి దానికి బంగారం, వెండి కలిసిన లోహపు రేకు తొడిగేవాళ్లు.

పొద్దున ఖెప్రి, మధ్యాహ్నం రా, సాయంత్రం ఆతుమ్: ఒకే సూర్యుడికి మూడు పూటలా మూడు పేర్లు. బాబాయి వెంటనే "ఉదయే బ్రహ్మరూపోయం, మధ్యాహ్నే తు మహేశ్వరః" అని అందుకున్నారు. నిజమే, మనకీ పూటకో మూర్తి ఉంది. కానీ ఒక తేడా నాకు అప్పుడే తట్టింది. వాళ్ల సాయంత్రపు సూర్యుడు ముసలివాడు. రోజూ ముసలివాడై పోతాడు, రోజూ మళ్లీ పుట్టాలి. పుడతాడా అన్న బెంగ ఆ మతం నిండా ఉంది. ఆ బెంగ ఎంత లోతుకు వెళ్లిందో తర్వాతి రోజుల్లో కనిపించింది.

ఊరి మిగతా రాళ్లు ఎటు పోయాయంటే, కొన్ని కైరో కోటగోడల్లోకి, కొన్ని సముద్రం దాటి. లండన్‌లో, న్యూయార్కులో 'క్లియోపాత్రా సూదులు' అని చూపించే రెండూ ఇక్కడివే. వాటిని చెక్కించింది మూడో థుత్మోస్, క్లియోపాత్రా కాదు. రోములో కొన్ని ఉన్నాయి. 2017లో ఇక్కడి ఇళ్ల మధ్య బురద గుంటలోంచి ఓ పెద్ద విగ్రహం ముక్కలు పైకి తీశారు. అపార్ట్‌మెంట్ల పునాదుల కింద ఇంకెంత ఉందో!

మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినపడింది. దారి చూపిన కుర్రాడు ఒక మాట చెప్పాడు: సూర్యుడు సరిగ్గా ఉదయించే క్షణంలో, నడినెత్తిన ఉన్న క్షణంలో, అస్తమించే క్షణంలో నమాజు చేయకూడదు, సూర్యుణ్ణి కొలిచేవాళ్లతో పోలిక రాకుండా. అయిదు పూటల ప్రార్థనకూ లెక్క సూర్యుడి నడకే, అయినా మొక్కు సూర్యుడికి కాదు. బాబాయి ఆ మాటను శ్రద్ధగా విని "కట్టుదిట్టమైన నియమం" అన్నారు.

డిసెంబరు 17, గీజా

కొత్త గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో అందరూ టుటన్‌ఖామున్ కోసం వెళ్తుంటే మేం సగం రోజు పడవ దగ్గరే ఉండిపోయాం. ఖుఫు అనే ఫారో పడవ 1954లో పెద్ద పిరమిడ్ పక్కన, రాతి పలకలు కప్పిన గోతిలో దొరికింది. 1,224 ముక్కలుగా విడదీసి, వరసగా పేర్చి పెట్టారు. అహ్మద్ యూసుఫ్ ముస్తఫా అనే నిపుణుడు ఏళ్ల తరబడి కూర్చుని వాటిని మళ్లీ కలిపాడు. పొడవు 43 మీటర్లు దాటుతుంది. లెబనాను నుంచి తెచ్చిన దేవదారు చెక్క. 2021లో పిరమిడ్ దగ్గరి పాత భవనం నుంచి మొత్తంగా ఇక్కడికి తరలించారు.

దగ్గరగా చూస్తే పలకల్లో మేకులు లేవు. పలక లోపలి వైపు వాలుగా తొలిచిన కన్నాల్లోంచి తాడు దూర్చి, పక్క పలకతో కుట్టేశారు. కన్నం బయటికి కనపడదు, తాడుకు నీళ్లు తగలవు. బాబాయి కళ్లద్దాలు తుడుచుకుని మరీ వంగి చూశారు. "మన భావనపాడు ఒడ్డున పెద్దవల లాగే పడవలు ఇలాగే కుట్టేవారురా, కొబ్బరి తాడుతో" అన్నారు. మసూలా పడవలంటే అవే. అలల దెబ్బకు మేకు ఊడుతుంది, కుట్టు సాగి నిలుస్తుంది.

ఇది సూర్యుడి పడవేనా, రాజు శవాన్ని మోసిన పడవా అన్నది పండితులింకా తేల్చలేదు. సూర్యుడు ఆకాశంలో పడవ మీద పోతాడన్నది మాత్రం వాళ్ల గట్టి నమ్మకం. మన సూర్యుడికి రథం, ఏడు గుర్రాలు. నైలు ఒడ్డున ఎటు పోవాలన్నా నదే దారి, కాబట్టి అక్కడ దేవుడికీ పడవే. పగటికొకటి, రాత్రికొకటి. ఖుఫు కొడుకు జెదెఫ్రె కాలం నుంచి ఫారోలు 'రా కుమారుడు' అని బిరుదు పెట్టుకోవడం మొదలైంది. పక్క పిరమిడ్లు కట్టించిన ఖఫ్రె, మెన్‌కౌరె పేర్లలోనూ రా ఉన్నాడు. గీజా నిండా సూర్యుడే, చూసే కన్నుండాలి.

డిసెంబరు 18, మిన్యా

రైల్లో కైరో నుంచి దక్షిణంగా నాలుగు గంటలు. కిటికీ పక్కన చెరకు, బెర్సీం గడ్డి, ఖర్జూరాలు. సాయంత్రం నైలు గట్టు మీద నడిచి, కొషరి తిని పడుకున్నాం. వేరే చెప్పుకోడానికేం లేదు.

డిసెంబరు 19, అమర్నా

కారు మాట్లాడుకుని దక్షిణానికి వెళ్లాం. ఈ జిల్లాలో విదేశీయుల వెంట పోలీసు బండి రావడం మామూలే. ఫెర్రీ మీద నైలు దాటితే తూర్పు ఒడ్డున పల్లెలు, పల్లెల వెనక ఎడారి, ఎడారి వెనక అర్ధచంద్రాకారంలో కొండలు. ఆ కొండల వరసలో ఒకచోట చీలిక ఉంది. ఆ చీలికలోంచి పొద్దు పొడిస్తే అచ్చం వాళ్ల చిత్రలిపిలోని 'దిగంతం' గుర్తే: రెండు కొండల నడుమ బింబం. అఖెనాతెన్ అనే ఫారో తన పాలన ఐదో ఏట, క్రీ.పూ. 1346 ప్రాంతంలో, రాజధానిని థీబ్స్ (ఇప్పటి లక్సర్) నుంచి ఇక్కడికి మార్చాడు. కొత్త ఊరి పేరు అఖెతాతెన్, ఆతెన్ ఉదయించే చోటు.

ఆతెన్ అంటే సూర్యబింబం. మనిషి ముఖం లేదు, గద్ద తల లేదు, కథలు లేవు, పెళ్లాం పిల్లలు లేరు. బింబం, కిందికి జారే కిరణాలు, ప్రతి కిరణం చివర ఓ చిన్న చెయ్యి. ఆ చేతులు రాజుకీ, నెఫర్తితికీ ముక్కు దగ్గర ప్రాణపు గుర్తు పట్టుకుని ఉంటాయి. గమనించండి, రాజుకీ రాణికీ మాత్రమే. మిగతా జనం రాజుకు మొక్కాలి, రాజు సూర్యుడికి మొక్కాలి.

పాత గుళ్లలో లోపలికి పోయేకొద్దీ చీకటి. ఇక్కడి గుళ్లకు కప్పు లేదు. ఎండలో వందల బలిపీఠాలు. ఇప్పుడు మిగిలింది పునాది గీతలే. చిన్న ఆతెన్ గుడి చోట కొత్తగా నిలబెట్టిన స్తంభాలు ఎత్తును ఊహించుకోడానికి పనికొస్తాయి.

దక్షిణపు గుహల్లో ఆయ్ అనే అధికారి తొలిపించుకున్న సమాధి ఉంది. కాపలా ఆయన తాళం తీసి టార్చి వేశాడు. ద్వారం లోపల పక్కగోడ మీద పై నుంచి కిందికి 13 నిలువు వరసల రాత, అదే ఆతెన్ మహాస్తోత్రం. గోడలో కొంత భాగం 1890లో పగిలిపోయింది. అంతకుముందే ఎత్తి రాసుకున్నారు కాబట్టి పాఠం దక్కింది. గుడ్డులోని పిల్లకు పెంకు లోపలే ఊపిరి ఇచ్చేవాడివి నువ్వు, పరదేశాలకు ఆకాశంలో ఒక నైలును పెట్టి వాన కురిపించేవాడివి నువ్వు, జాతుల నాలుకలూ ఒంటి రంగులూ వేరు చేసినవాడివి నువ్వు. ఇంత విశాలమైన స్తోత్రం చదివితే ఒళ్లు పులకరిస్తుంది. నేను తెచ్చుకున్న అనువాదాన్ని తెలుగులో చెబుతుంటే బాబాయి కళ్లు మూసుకుని విన్నారు.

అందులోనే రాత్రి గురించి కూడా ఉంది. నువ్వు పడమటి దిక్కున అస్తమిస్తే లోకం చచ్చినట్టు పడి ఉంటుంది, సింహాలు గుహల్లోంచి బయటికొస్తాయి, పాములు కాటేస్తాయి. అంతే. పాత మతంలో రాత్రి సూర్యుడు పాతాళంలో పోరాడుతుంటాడు, చచ్చినవాళ్లను పలకరిస్తుంటాడు. అఖెనాతెన్ ఆ కథంతా కొట్టేశాడు. రాత్రి దేవుడు లేడు. చచ్చినవాళ్లను ఏలే దేవుడు ఒసైరిస్ కూడా లేడు.

ఆ ఊళ్లో చావులు తక్కువేం కాదు. 2006 నుంచి తవ్విన సామాన్యుల శ్మశానంలో చాలామంది చిన్న వయసులోనే పోయినవాళ్లు. ఎముకల మీద తిండి చాలని గుర్తులు, బరువులు మోసి అరిగిన వెన్నుపూసలు. కప్పు లేని ఆ గుళ్లను ఒక మనిషి మోయగల చిన్న రాళ్లతో హడావుడిగా కట్టారు. మోసింది ఈ వెన్నులే. వాళ్ల ఇళ్లలో దొరికినవేమిటంటే మరుగుజ్జు దేవుడు బెస్, నీటిగుర్రం దేవత తావెరెత్ తాయెత్తులు. పురిట్లో, నిద్రలో, చీకట్లో కాపాడే దేవుళ్లు. రాజాజ్ఞ పగటికి చెల్లింది, రాత్రికి చెల్లలేదని నాకు గట్టిగా అనిపించింది. పదిహేడేళ్లు ఏలి అతను పోయాడు. కొన్నేళ్లకే ఊరు ఖాళీ అయింది.

ఇక్కడే 1887లో మట్టి పలకల మీద రాసిన ఉత్తరాలు దొరికాయి, విదేశీ రాజులతో నడిచిన రాయబారాలు. రాసినవాళ్లలో ఇప్పటి సిరియా వైపు ఏలిన మితాన్ని రాజు తుష్రత్త ఉన్నాడు. ఆ మితాన్ని రాజులే ఇప్పటి టర్కీ వైపు ఏలిన హిట్టైట్లతో చేసుకున్న సంధిలో మిత్రుణ్ణి, వరుణుణ్ణి, ఇంద్రుణ్ణి, నాసత్యులను సాక్షులుగా పిలిచారు. సంధ్యావందనంలో రోజూ మిత్రుణ్ణి తలిచే బాబాయికి ఇది పండగే. "అయితే ఈ సూర్యభక్తి మన వైపు నుంచి పోయిందంటావా?" అని అడిగారు. అలా అనడానికి ఆధారం లేదు బాబాయ్ అన్నాను. సూర్యుడు అందరికీ కనిపిస్తూనే ఉన్నాడు, ఒకరు ఇంకొకరికి చూపించక్కర్లేదు. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

రాత్రి రైలెక్కి లక్సర్ వైపు.

డిసెంబరు 20, రాజుల లోయ

పొద్దునే పడమటి ఒడ్డుకు. సూర్యుడు అస్తమించే వైపు కాబట్టి శ్మశానాలన్నీ ఇటే. మూడో థుత్మోస్ సమాధి లోయ చివర, కొండ పగులులో పైనెక్కడో ఉంది. ఇనుప మెట్లెక్కి పైకి పోయి, మళ్లీ నిటారుగా లోపలికి దిగాలి. లోపల గాలాడదు. బాబాయి రెండు చోట్ల ఆగి, ఆయాసం తీర్చుకుని, దిగారు.

కింద గది గుండ్రంగా, కోలగా ఉంటుంది. గోడలు లేత పసుపు, పాత తాటాకు రంగు. వాటి మీద నల్ల సిరాతో, ఎర్ర సిరాతో సన్నటి గీతల బొమ్మలు, గోడ గోడంతా విప్పి పరిచిన రాతప్రతి. దీని పేరు అమ్‌దువాత్. రాత్రి పన్నెండు గంటల్లో సూర్యుడు పాతాళంలో ఎక్కడెక్కడ ఏం చేస్తాడో గంట గంటకూ రాశారు. పూర్తి పాఠం దొరికిన వాటిలో ఇది చాలా పాతది.

టార్చి పట్టుకుని గంట గంటా వెతుక్కుంటూ తిరిగాం. పొట్టేలు తలతో ముసలి సూర్యుడు పడవలో నిలబడి ఉన్నాడు. మొదట్లో నీళ్లున్నాయి. నాలుగో గంటలో నీళ్లు అయిపోయి ఇసుక మొదలవుతుంది. పడవే పాముగా మారి, నోట్లోంచి నిప్పు కక్కి దారి చూపిస్తుంది. దేవతలు తాడు కట్టి ఇసుక మీద లాగుతుంటారు. ఆరో గంట నడిరాత్రి, అన్నిటికంటే లోతు. అక్కడ సూర్యుడు ఒసైరిస్ శవాన్ని కలుస్తాడు. రెండూ ఒకటైతేనే మళ్లీ వెలుగు రాజుకుంటుంది. ఏడో గంటలో అపెప్ అనే మహాసర్పం నీళ్లన్నీ తాగేసి అడ్డంగా పడుకుంటుంది. ఐసిస్ దేవత మంత్రం వేస్తుంది, మిగతావాళ్లు దాన్ని కట్టి కత్తులు గుచ్చుతారు. రోజూ చంపుతారు, రోజూ మళ్లీ వస్తుంది.

పన్నెండో గంట బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పొడుగాటి పాము. సూర్యుడూ, పరివారమూ దాని తోక వైపు నుంచి దూరి, నోట్లోంచి బయటికొస్తారు. దూరేటప్పుడు ముసలివాళ్లు, వచ్చేటప్పుడు పసివాళ్లు. చివర గోడ వంపు తిరిగేచోట ఒసైరిస్ మమ్మీ గోడకు ఆనుకుని ఉండిపోతుంది, పేడపురుగు రూపంలో ఖెప్రి రెక్కలతో పైకి పోతాడు. పేడపురుగే ఎందుకంటే, అది ఉండను దొర్లించుకుపోతుంది, ఆ ఉండలోంచే కొత్త పురుగు వస్తుంది. పొలంలో రోజూ చూసిన పురుగులో ప్రపంచపు మర్మం పట్టిన ఆ కన్ను ఎంత గొప్పది!

"మందేహులు" అన్నారు బాబాయి. నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. తైత్తిరీయ ఆరణ్యకంలో ఉంది: వరాలు పొందిన రాక్షసులు రోజూ ఉదయాస్తమయాల్లో సూర్యుడితో యుద్ధానికొస్తారు. గాయత్రి జపించి వదిలే అర్ఘ్యజలం వజ్రమై వాళ్లను మందేహారుణ ద్వీపానికి విసిరేస్తుంది. చిన్నప్పటి నుంచి ఆయన దోసిలితో నీళ్లు వదులుతున్నది అందుకే. "సూర్యుడి పని సూర్యుడే చేసుకుంటాడని ఊరుకోలేదు చూడు. మనిషి కూడా ఓ చెయ్యి వెయ్యాలనుకున్నారు" అన్నారు.

ఈజిప్టు వాళ్లూ అచ్చం అంతే. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పపైరస్‌లో అపెప్‌ను కూల్చే విధి ఉంది. మైనంతో పాము బొమ్మ చేసి, పేరు పచ్చ సిరాతో రాసి, దాని మీద ఉమ్మి, ఎడమ కాలితో తొక్కి, నిప్పులో వెయ్యాలి. లక్సర్‌లోని కర్ణాక్ గుళ్లో రోజూ చేసే తంతు అని అందులోనే రాసుంది. రెండు దేశాలూ ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయని నేను అనను. సూర్యారాధన అంటే వెలుగును మెచ్చుకోవడమే అనుకుంటాం. దాని పట్టు మాత్రం చీకట్లో ఉంది. రేపు వస్తాడో రాడో అన్న భయం, రప్పించడంలో నా వంతు ఏమిటన్న ప్రశ్న. అఖెనాతెన్ ఈ వంతును జనం చేతుల్లోంచి లాక్కున్నాడు. అతని స్తోత్రం ఎంత గొప్పదైనా, మతం నిలవకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఆరో రామ్సెస్ సమాధికి వేరే టిక్కెట్టు. తప్పకుండా తీసుకోండి. పైకప్పు పొడవునా ఆకాశదేవత నూత్ శరీరం. సాయంత్రం సూర్యుణ్ణి నోటితో మింగుతుంది, ఎర్రటి బింబాలు వరసగా ఒంట్లోంచి ప్రయాణం చేస్తాయి, తెల్లారి ప్రసవిస్తుంది. మెడ నొప్పెట్టేదాకా చూశాం.

డిసెంబరు 21, కర్ణాక్

ఏడాదిలో పగలు తక్కువ ఉండే రోజు. తెల్లవారుజామునే గుడి ముందు జనం, స్కూలు పిల్లలు, కెమెరాలు. కర్ణాక్‌లోని అమున్-రా అనే దేవుడి ఆలయం నడవ దాదాపు సరిగ్గా ఈనాటి సూర్యోదయం వైపు చూస్తుంది. నార్మన్ లాక్యర్ అనే బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త 1894లో ఇది ఎండాకాలపు అస్తమయం కోసం కట్టిందన్నాడు. అటువైపు కొండలు అడ్డం కాబట్టి ఆ లెక్క కుదరదనీ, తూర్పున చలికాలపు ఉదయం కోసమేననీ తర్వాత తేలింది.

ఆరున్నర ప్రాంతంలో దూరంగా తూర్పు ద్వారం నడుమ నిప్పు రవ్వ కనిపించింది. రెండు మూడు నిమిషాల్లో పూర్తి బింబం. పిల్లలు ఈలలు వేశారు. ఈ ఒక్క రోజే ఇలా జరుగుతుందని చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి. అయనాంతం దగ్గర సూర్యుడి చోటు రోజురోజుకూ మారేది చాలా స్వల్పం, అటూ ఇటూ కొన్ని రోజులు ఇదే దృశ్యం కనిపిస్తుంది. జనం లేని రోజు కావాలంటే 19నో 23నో రండి.

బాబాయి పక్కకు జరిగి సీసాలో నీళ్లు దోసిట్లో పోసుకుని అర్ఘ్యం ఇచ్చారు. ఏం చేస్తున్నారని కాపలాదారు అడిగితే ప్రార్థన అన్నాను. తలూపి అవతలికి వెళ్లాడు.

ఉత్తరాయణం నిజంగా మొదలయ్యేది ఈ రోజే. మన మకర సంక్రాంతి జనవరి 14కి పోయింది, ఎందుకంటే మనం నక్షత్రాల లెక్క పట్టుకున్నాం. భూమి ఇరుసు ఊగడం వల్ల ఆ లెక్క సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున జారుతుంది. పదిహేడు శతాబ్దాల కిందట రెండూ ఒకేరోజు పడేవి. కర్ణాక్ రాళ్లు మాత్రం రుతువుల లెక్కనే పట్టుకున్నాయి కాబట్టి ఇన్ని వేల ఏళ్లకూ గురి పెద్దగా తప్పలేదు. దీని మీద బాబాయికీ నాకూ టీ కొట్టు దగ్గర గంటసేపు వాదన నడిచింది. పంచాంగం మార్చమంటే ఆయన ఒప్పుకోరు, నేనూ గట్టిగా అడగలేదు.

మధ్యాహ్నం లక్సర్ మ్యూజియం. కర్ణాక్ చూసి ఇది చూడకుండా వెళ్లిపోతారు చాలామంది. రాజధాని మారకముందు అఖెనాతెన్ కర్ణాక్‌లోనూ ఆతెన్‌కు గుళ్లు కట్టాడు. అతను పోయాక హోరెమ్‌హెబ్ అనే ఫారో వాటిని పడగొట్టి, ఆ చిన్న రాళ్లను అమున్ గుడి గోపురాల కడుపులో నింపేశాడు. తొమ్మిదో గోపురంలోంచి తీసిన రాళ్లలో 283 కలిపి మ్యూజియంలో ఒక గోడ కట్టారు. ఎండా వానా తగలక కొన్నింటి మీద రంగు ఇంకా ఉంది. ఎడమవైపు రాజు ఆతెన్‌కు మొక్కుతున్నాడు. కుడివైపు గుడి గిడ్డంగులు, అందులో పనివాళ్లు: రొట్టెలు చేసేవాళ్లు, బీరు కాచేవాళ్లు, జాడీలు మోసేవాళ్లు. వాళ్ల ముఖాల దగ్గర కిరణాల చేతులు లేవు. బాబాయి చాలాసేపు ఆ కుడివైపే చూశారు. మీరు వెళ్తే ఆ గోడ ముందు కనీసం అరగంట పెట్టుకోండి, బొమ్మలు చిన్నవి, దగ్గరికి వెళ్తేగాని ఎవరు ఏం చేస్తున్నారో తెలీదు.